వరస తప్పని చుక్కలు

ఆ వానాకాలం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద అని అడిగితే వరసగా చెప్పగలను. మా సారు మీద, కాంట్రాక్టరు పంపిన ఇంజనీరు మీద, కుట్టు షెడ్డు సూపర్‌వైజరు మీద, కొంత మా నాన్న మీద. మిగిలిందంతా నా మీద. ఆ మిగిలిందే ఎక్కువ.

నా పని గోడల్ని ముట్టుకోకుండా కొలవడం. ఎక్కడైనా లోతుగా గొయ్యి తవ్వితే పక్కనున్న కట్టడం కదులుతోందో లేదో దూరం నుంచే కనిపెట్టాలి. గోడ మీద కిటికీ అంత మేర తెల్లరంగు పూసి, దాని మీద నల్లచుక్కలు చల్లుతాం. ఎదురుగా సిమెంటు దిమ్మె మీద కెమెరా బిగించి వారం వారం ఫొటో తీస్తాం. పోయిన వారం చుక్కలు ఎక్కడున్నాయి, ఈ వారం ఎక్కడున్నాయి అని కంప్యూటరు పోల్చి చూసి, గోడ ఎటు ఎంత జరిగిందో చెబుతుంది. మిల్లీమీటరులో పదో వంతు జరిగినా దానికి దొరికిపోతుంది. ఈ మాట నేను అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆ ఏడు మాకు వచ్చిన పని మా అమ్మ పనిచేసే షెడ్డు గోడే. దాని పక్కనుంచి పెద్ద మురుగు పైపు వెయ్యడానికి రెండు నిలువుల లోతు కాలవ తవ్వబోతున్నారు. గోడకి ఇవతల కాలవ, అవతల నలభై కుట్టుమిషన్లు. మూల నుంచి రెండో మిషను అమ్మది. పదకొండేళ్ళుగా ఆ ఒక్క కుర్చీలోనే కూర్చుంటోంది.

నాన్న బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని మింగేశాక ఇంట్లోనే ఉండిపోయాడు. రెండేళ్ళు బ్రష్షు ముట్టుకోలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఎదురు షాపు ఫ్లెక్సీలో ఒత్తులు ఎక్కడ తప్పాయో లెక్కపెట్టేవాడు. అది చూడలేక, చుక్కలు వేసే పని నాన్నకి ఇప్పించమని మా సారుని అడిగాను. ఆయన సరేనన్నాడు.

"చుక్కలా?" అన్నాడు నాన్న. "ముప్ఫయ్యేళ్ళు అక్షరాలు రాసిన చేత్తో చుక్కలు పెట్టమంటావా?"

"ఊరికే చుక్కలు కాదు నాన్నా, కెమెరా కోసం."

"ఎలా పెట్టాలి?"

"ఎలాగూ పెట్టకూడదు. బ్రష్షు ముంచి గోడ మీదకి విదిలించడమే. చెల్లాచెదురుగా పడాలి. ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండకూడదు."

"దానికి నేనెందుకే? ఒక కోడిని పట్టుకొచ్చి కాళ్ళకి రంగు పూసి వదలండి."

అమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నాను గానీ, ఎందుకు చెల్లాచెదురుగా ఉండాలో కూర్చోబెట్టి చెప్పలేదు. నాకు వేరేచోట రెండు రోజుల పని పడితే వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి గోడ మీద మూడు తెల్ల చతురస్రాలు, వాటి నిండా చుక్కలు. సుద్ద దారం కొట్టి, అడ్డంగా నిలువుగా గీతలు గీసి, ఆ గీతలు కలిసిన ప్రతిచోటా ఒక చుక్క. అచ్చు గుద్దినట్టున్నాయి. ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ నడుమ సరిగ్గా పన్నెండు మిల్లీమీటర్లు. ఎన్ని వేల చుక్కలో. రెండు రోజులు నిచ్చెన మీద నిలబడి ఒక్కోటీ చేత్తో పెట్టాడు.

"ఎలా ఉంది?" అన్నాడు నిచ్చెన మీంచే. చెవి వెనక పెన్సిలు, ముక్కు మీద నల్లరంగు. "పొద్దున్నుంచి దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఇద్దరు ఫొటో కూడా తీసుకున్నారు తెలుసా?"

నాకు చూడగానే తెలిసింది. ఈ పనిలో మాకు నేర్పే మొదటి పాఠమే అది. గోడలో ప్రతి ముక్కకీ దాని మొహం దానికుండాలి, అన్నీ ఒకేలా ఉంటే కంప్యూటరు ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటుంది. అది తెలిసి కూడా నాన్న మొహం చూశాను. రెండేళ్ళలో ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు.

"చాలా బాగుంది నాన్నా," అన్నాను.

దానికి నేను నాకు చెప్పుకున్న సాకు కూడా ఉంది. చుక్కకీ చుక్కకీ మధ్య పన్నెండు ఉంది కదా, గోడ వారానికి ఒకటో రెండో మిల్లీమీటర్లు జరిగితే కెమెరా తడబడదు. సగం దూరం, అంటే ఆరు దాటితేనే పొరపాటు. వారం వారం ఫొటో తీసినంత కాలం ఆ లెక్క నిజమే. అందుకే మొదటి ఆరు వారాలు ఏ గొడవా రాలేదు.

కాంట్రాక్టరు ఇంజనీరుకి నేను సున్నా సారు అని పేరు పెట్టాను. సోమవారం కెమెరాకి మూత తియ్యకముందే పక్కకొచ్చి నిలబడి, "ఈ వారం కూడా సున్నాయే కదమ్మా?" అనేవాడు. ఫొటో తియ్యనివ్వండి సార్ అంటే, "తియ్యి తియ్యి, తీసి సున్నా వెయ్యి," అని తనే నవ్వేవాడు. ఐదు మిల్లీమీటర్లు దాటితే పని ఆపాలని ఒప్పందంలో ఉంది. ఆపితే అతనికి పై నుంచి అక్షింతలు. అందుకని అతనికి కావలసింది సున్నా. ఆరు వారాలు నేను దాదాపు సున్నాయే ఇచ్చాను.

ఏడో వారం వాన మొదలైంది. పదిహేను రోజులు ఆగకుండా కురిసింది. రోడ్డవతల గోడ కంటికే ఆనడం లేదు, ఇక కెమెరాకేం ఆనుతుంది? కాలవలో నడుం లోతు నీళ్ళు. పని ఆగింది గానీ తవ్విన కాలవ నోరు తెరుచుకుని అలాగే ఉంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అమ్మ తడిసిన చెప్పులు విడుస్తూ అంది.

"మా మూలన దారపుండ కింద పడితే చాలు, గోడవైపే దొర్లిపోతోందే. మొన్న కిటికీ రెక్క కూడా పట్టేసింది."

"వానకి చెక్క ఉబ్బుంటుందమ్మా."

"దారపుండ కూడా ఉబ్బిందా?"

నాన్న అందుకున్నాడు. "వాన వెలిశాక ఫొటో తీస్తుందిగా. నేను పెట్టిన చుక్కలవి, తప్పు చెప్పవు."

వాన వెలిసింది. ఫొటో తీశాను. షెడ్డు ముందువైపు చతురస్రం కదల్లేదు. నడిమిది రెండు మిల్లీమీటర్లు దిగింది. మూల దగ్గరది, అమ్మ వెనకాలది, ఒక మిల్లీమీటరు పైకి లేచింది.

"పైకా?" అన్నాను నాలో నేనే.

సున్నా సారు భుజం మీంచి తొంగి చూశాడు. "ఒకటి పైకి, రెండు కిందకి. కలిపి సగటు తీస్తే ఏముందమ్మా అక్కడ? సున్నా!"

"గోడ పైకి ఎలా లేస్తుంది సార్?"

"తడికి ఉబ్బుంటుంది. నీ చదువు నాకెందుకు, హద్దు దాటిందా లేదా?"

దాటలేదు. హద్దు దాటలేదనే రాసి పంపాను. మా సారు చూసి సంతకం పెట్టాడు. ఇంటికెళ్ళి అమ్మకి కూడా చెప్పాను, గోడకి ఏమీ కాలేదని.

అమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "కదల్లేదని నువ్వంటున్నావు. ఇవాళ నా బల్ల కాలి కింద గుడ్డ మడిచి పెట్టాను. నిన్న పెట్టిన గుడ్డ చాలక దాని మీద ఇంకోటి పెట్టాను. కదలకుండా ఎందుకు పెడతానే?"

"అమ్మా, మిల్లీమీటరులో పదో వంతు కదిలినా కెమెరాకి..."

"నీ కెమెరా రోడ్డవతల గొడుగు కింద కూర్చుంది. గోడ కింద కూర్చున్నది నేను!"

కంచం ముందు నుంచి లేచిపోయింది. ఎదురు చెప్పాను కూడా. పరికరం చెప్పేది నమ్మకుండా దారపుండని నమ్ముతావా అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నోరు కాల్చుకోవాలనిపిస్తుంది.

ఆ రెండు గుడ్డలు మాత్రం నా బుర్రలోంచి పోలేదు. మర్నాడు పొద్దున్నే ఆఫీసులో మూల చతురస్రం కొలతలు మళ్ళీ తెరిచాను. వందల గడులు. అన్నిటిలోనూ ఒకటి పైకి, ఒకటి పైకి. ఒక్క గడి మాత్రం ఖాళీ. అక్కడ కంప్యూటరుకి పోలిక దొరకలేదు. ఎందుకు దొరకలేదని ఫొటోని పెద్దది చేశాను. పై నుంచి ఏడో వరసలో ఒక చుక్క కింద రంగు కారి సన్నటి తోకలా ఆరిపోయి ఉంది. నాన్న చేతిలో ఎక్కడో ఒక్కచోట బ్రష్షు బరువెక్కినట్టుంది. అన్ని వేల చుక్కల్లో గుర్తుపట్టగలిగిన చుక్క అదొక్కటే.

పాత ఫొటో తెరిచాను. పాత ఫొటోలో తోక చుక్క ఉన్నచోట ఇప్పుడు తోక లేని చుక్క ఉంది. తోక చుక్క దాని కింద, పాత ఫొటోలో ఎనిమిదో వరస ఉన్నచోటికి కాస్త పైన ఉంది.

రెండుసార్లు చూశాను. మూడోసారి స్కేలు పెట్టి చూశాను. బడిలో ఒకే యూనిఫారంలో పిల్లల్ని బారుగా నిలబెట్టి, అందర్నీ ఒక్క స్థానం జరిపితే, దూరం నుంచి చూసే మేష్టారికి బారు కదిలినట్టే ఉండదు. గోడ పైకి లేవలేదు. పదకొండు మిల్లీమీటర్లు కిందకి దిగింది. పై వరస చుక్క వచ్చి ఈ వరస చోట్లో దాదాపుగా కూర్చుంటే, కంప్యూటరు అదే ఇది అనుకుని, ఒక మిల్లీమీటరు పైకి అని రాసింది. నేను దాని కింద హద్దు దాటలేదని రాశాను.

మా సారు గదిలోకి పరిగెత్తాను. స్క్రీను చూపించాను. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఒక్క చుక్కని పట్టుకుని ఎలా చెబుతాం?"

"ఆ ఒక్కటే నిజం చెప్పింది సార్. పని ఆపించాలి, షెడ్డు ఖాళీ చేయించాలి."

"తొందరపడకు. నిన్న సంతకం పెట్టి పంపాను. ఇవాళ తప్పంటే రేపటి నుంచి మన కొలత ఎవడు నమ్ముతాడు? రేపు చుక్కలు మళ్ళీ వేయించి, వారం చూసి..."

"వారమా? అక్కడ మా అమ్మ ఉంది సార్."

"అందుకే నువ్వు కంగారు పడుతున్నావంటున్నాను," అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనానికి నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఫొటోలు రెండూ అచ్చు తీసుకుని, మున్సిపల్ ఆఫీసుకి ఫోను చేస్తూనే షెడ్డుకి వెళ్ళాను.

షెడ్డు నిండా మిషన్ల హోరు. సూపర్‌వైజరు గుమ్మంలోనే అడ్డం పడింది. "ఎవరమ్మా నువ్వు, ఇదంతా ఆపమనడానికి? నిన్ననే కాగితం వచ్చింది, గోడ బాగానే ఉందని. అది రాసింది నువ్వే కదా?"

"నేనే రాశాను. తప్పు రాశాను."

"అయితే ఇప్పుడు చెప్పేది తప్పు కాదని ఏంటి నమ్మకం?"

ఆడవాళ్ళు మిషన్ల మీంచి తలలెత్తి మమ్మల్నే చూస్తున్నారు. అమ్మ నన్ను చూసింది, నా చేతిలో కాగితాలు చూసింది. మిషను ఆపి, కత్తెర సంచిలో వేసుకుని లేచి నిలబడింది. పక్క మిషనావిడ కూడా లేచింది. తర్వాత కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడే చాలాసేపు వినిపించింది.

మున్సిపల్ వాళ్ళు మధ్యాహ్నానికి వచ్చి వాళ్ళ పద్ధతిలో కొలిచారు. పదకొండు అన్నారు. షెడ్డుకి తాళం వేశారు. సున్నా సారు ఫోను చెవికి పెట్టుకుని కాలవ గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు గానీ నావైపు చూడలేదు.

తర్వాత రెండు రోజులు మా ఇంటికి వచ్చినవాళ్ళంతా తిట్టడానికే వచ్చారు. ఎండ కాస్తోంది, గోడ నిలబడే ఉంది, నలభై మంది పని పోగొట్టుకుని ఇళ్ళలో కూర్చున్నారు. "మీ అమ్మాయి చదువు మా పొట్ట కొట్టింది వదినా," అని ఒకావిడ అమ్మ మొహం మీదే అంది. అమ్మ ఆవిడకి టీ ఇచ్చి పంపింది.

మూడో రోజు మధ్యాహ్నం, నేను అన్నం తింటుండగా, ఆ మూల గోడ కాలవలోకి ఒరిగిపోయింది. దానితో పాటు పైకప్పు దిగి నాలుగు మిషన్లు దాని కింద పడ్డాయి. అమ్మ వెళ్ళి చూసి వచ్చింది. చేతులు కడుక్కుంటూ, "నాది కనబడలేదు," అంది.

ఒక్క ప్రాణం పోలేదని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా సారు మాత్రం ఊపిరి పీల్చుకుని ఊరుకోలేదు, ఉత్తరం రాశాడు. పద్ధతిలో లోపం లేదు, పరికరంలో లోపం లేదు, "చుక్కలు వేసిన పెయింటరు సూచనలు పాటించనందున" కొలత తప్పిందని, మున్సిపల్ వాళ్ళు వేసిన విచారణకి పంపాడు. ఒక నకలు నాకిచ్చాడు. నీ పేరు ఎక్కడా రాకుండా చూశాను అన్నాడు, నేనేదో దండం పెడతాననుకున్నట్టు. కాగితం బల్ల మీద కొట్టి ఆ ఉద్యోగంలోంచి బయటికొచ్చాను.

ఇంట్లో ఆ నకలు దాచేలోపు నాన్న చదివేశాడు. పెయింటరు అన్నచోట వేలు పెట్టి ఆగాడు.

"ఉన్నమాటే కదా. చెల్లాచెదురుగా వెయ్యమన్నావు. నేనే వినలేదు."

"నేను చూశాను నాన్నా. చూసి కూడా బాగుందన్నాను."

ఆయన తలెత్తాడు. "అంటే, అప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి చెరిపెయ్యమనలేదేం?"

"రెండేళ్ళ తర్వాత బ్రష్షు పట్టావు. రెండు రోజులు నిచ్చెన మీదే ఉన్నావు. ఎలా చెప్పను?"

మా నాన్న అరిచే మనిషి కాదు. ఆ రోజు అరిచాడు. పక్కింటి కిటికీ తెరుచుకునేంత గట్టిగా అరిచాడు.

"చెరపమంటే చచ్చిపోతాననుకున్నావా? ముప్ఫయ్యేళ్ళలో ఎన్ని బోర్డులు చెరిపి రాశానో తెలుసా నీకు? రంగు నచ్చలేదంటే చెరిపాను. షాపు చేతులు మారితే చెరిపాను. ఒక్క ఒత్తు తప్పిందని మిట్టమధ్యాహ్నం మళ్ళీ నిచ్చెనెక్కాను. పనివాడికి తప్పు చెబితే దిద్దుకుంటాడు. నువ్వు నన్ను పనివాణ్ణి అనుకోలేదు. ముసలాడికి కాలక్షేపం అనుకున్నావు."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింది. నన్ను వెనకేసుకు రాలేదు.

నేను బల్ల దగ్గర కూర్చుని విచారణకి నా వాంగ్మూలం రాశాను. చుక్కలు వరసలో ఉన్న సంగతి మొదటి రోజే చూశాననీ, ఎవరికీ చెప్పలేదనీ, పెయింటరుకి ఆ తేడా విడమరిచి చెప్పవలసిన బాధ్యత నాదేననీ రాసి, సంతకం పెట్టి, నాన్నకి ఇచ్చాను. మనసు కొంత తేలికపడింది కూడా.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"ఎందుకు చెప్పలేదో రాయలేదు."

"అది మన ఇంటి విషయం నాన్నా."

"ఆ గోడ పక్కన మీ అమ్మ ఒక్కత్తే కూర్చుందా? నలభై మంది కూర్చున్నారు. ఇంటి విషయం ఎలా అయింది? మా నాన్న చిన్నబుచ్చుకుంటాడని నలభై మందిని గోడ కింద కూర్చోబెట్టాను అని రాయి."

పెన్ను పట్టుకుని ఆయన మొహం చూశాను. కరుగుతాడేమోనని చూశాను. కరగలేదు.

"రాయి," అన్నాడు.

సంతకం పైన కొంచెం ఖాళీ ఉంటే అందులో ఇరికించి రాశాను. నాన్న అనే మాట ఒకసారి కొట్టేసి, మళ్ళీ రాశాను. ఆయన నా భుజం వెనకాలే నిలబడి చూస్తున్నాడు. అయిపోయాక కాగితం తీసుకుని, వెలుతురులో పట్టుకుని చూసి, నాలుగు ముక్కలుగా చింపి, కొత్త కాగితం నా ముందు పెట్టాడు.

"ఇరికించకు," అన్నాడు. "మొదటి వాక్యంగా రాయి."